ఎరువు పొట్లంలో మత్తు

(మత్తుమందుల చరిత్ర: గత సంచిక తరువాయి)

గత సంచికలో యుద్ధకాలపు మాత్రల దగ్గర ఆగాం. జర్మన్ సైనికులు మింగిన పెర్విటిన్, జపాన్‌లో పంచిన ఫిలోపాన్, బ్రిటిష్, అమెరికన్ వైమానికుల బెంజిడ్రిన్. అవి పేరున్న కంపెనీలు తయారుచేసినవి, ప్రభుత్వాలు తెలిసి పంచినవి. తప్పెవరిదో వేలెత్తి చూపడానికి అక్కడ ఒక సంతకం, ఒక ముద్ర ఉండేవి.

ఈసారి చెప్పే కథలో ఆ సౌకర్యం లేదు. ఈ పదార్థాన్ని మొదట తయారుచేసిన రసాయన శాస్త్రవేత్త దాన్ని మత్తుమందుగా చూడలేదు. డెబ్బై ఏళ్ళు దాటాక దాన్ని మళ్ళీ వెలికితీసిన మనిషి మారుపేరుతోనే మిగిలిపోయాడు. అమ్మినవాళ్ళేమో ఇది మనుషులు తినేది కాదని పొట్లం మీద అచ్చువేసి మరీ అమ్మారు. దాని పేరు మెఫెడ్రోన్. లండన్ కుర్రకారు 'మ్యావ్ మ్యావ్' అన్నారు, 'ఎం-క్యాట్' అన్నారు. ముంబయి వీధుల్లో 'ఎండీ' అంటారు. హైదరాబాద్ శివార్లలో అధికారులు దాడి చేసి పట్టుకుంటున్న తెల్లటి పొడుల్లో ఇదీ ఒకటి కాబట్టి, ఎక్కడో సీమదేశపు ముచ్చటలే అని ఈ అధ్యాయాన్ని దాటేయడానికి లేదు.

ఉబ్బసం మందు నీడలో

1920ల్లో ప్రపంచ వైద్యులకు ఎఫిడ్రిన్ కొత్త ఆశ. చైనా వైద్యులు మా-హువాంగ్ అనే పొదను వేల ఏళ్ళుగా వాడుతున్నారు. మన హిమాలయాల్లో పెరిగే దాని బంధువును మూలికల వ్యాపారులు సోమలత పేరుతో అమ్ముతారు. 1885లో జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి ఆ పొదలోని సారాన్ని వేరుచేసి, దానికి ఎఫిడ్రిన్ అని పేరుపెట్టాడు. లోకం పెద్దగా పట్టించుకోలేదు. 1924లో పెకింగ్ యూనియన్ మెడికల్ కాలేజీలో కె.కె. చెన్, కార్ల్ ష్మిట్ అనే ఇద్దరు దాని గుణాలను పరీక్షించి ప్రకటించాక ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. ఉబ్బసంతో ఎగపోస్తున్న మనిషికి నోటితో మింగితే పనిచేసే మందు దొరికినట్టయింది.

మొక్క చైనాలో పెరగాలి, ఎండాలి, ఓడ ఎక్కాలి. అంతకాలం ఎదురుచూడటం ఇష్టంలేని రసాయన శాస్త్రవేత్తలు ఎఫిడ్రిన్‌ను పోలిన పదార్థాలను ప్రయోగశాలలోనే తయారుచేయడం మొదలుపెట్టారు. అమెరికాలో గోర్డన్ ఆలెస్ 1927లో యాంఫెటమిన్‌ను మళ్ళీ తయారుచేసి, దాన్ని మందుగా మార్చే దారి పట్టింది ఆ వెతుకులాటలోనే. అమెరికాలోనే 1928లో మరో బృందం మెథ్‌కాథినోన్‌ను తయారుచేసింది. మరుసటి ఏడాది, 1929లో, ఫ్రాన్స్ రసాయన సంఘం పత్రికలో సాయెమ్ ద బుర్నాగా సాంచెజ్ పేరుతో ఒక వ్యాసం వచ్చింది. ఎఫిడ్రిన్‌ను పోలిన మరో పదార్థం గురించిన వ్యాసం అది. మెఫెడ్రోన్ అనే పేరు అప్పటికింకా పుట్టలేదు. పలకడానికి నోరు తిరగని రసాయన నామం ఒకటుండేది, అంతే.

ఆ పత్రిక సంపుటం గ్రంథాలయాల అలమరల్లో కూర్చుంది. మందుల కంపెనీలు దాని జోలికి పోలేదు. 1930, 40ల్లో ఉత్తేజకాల మీద అంత మోజు ఉన్నా ఇది ఎవరి కంటా పడలేదు. దాని అన్నలాంటి మెథ్‌కాథినోన్‌కు మాత్రం వేరే గతి పట్టింది. సోవియట్ యూనియన్‌లో దాన్ని దిగులుకు మందుగా కొంతకాలం వాడారు. అమెరికా కంపెనీ పార్క్-డేవిస్ 1950ల్లో పరీక్షించి పక్కన పడేసింది. తర్వాతి దశాబ్దాల్లో సోవియట్ నగరాల్లో కుర్రాళ్ళు దాన్ని వంటింట్లోనే కలుపుకుని సూదితో ఎక్కించుకున్నారు. ఆ నాటు తయారీలో మిగిలిపోయే మాంగనీస్ లోహం మెదడులో పేరుకుని, పాతికేళ్ళ వయసులోనే పార్కిన్సన్స్ రోగుల్లా కాళ్ళు బిగుసుకుపోయి, మాట తడబడి మిగిలిపోయినవాళ్ళ గురించి లాట్వియా, ఉక్రెయిన్, జార్జియా వైద్యులు రాశారు. మందు మానేసినా ఆ జబ్బు తగ్గలేదు. ఈ కథలో నన్ను అన్నిటికంటే కలచివేసే పుట అదే.

ఆకులో ఉన్నది, సీసాలో పుట్టినది

ఇప్పుడు కాస్త రసాయన శాస్త్రం. భయపడాల్సిన పనిలేదు.

ఆరు కార్బన్ పరమాణువుల వలయం ఒకటి. దానికి ఒక పక్క చిన్న కార్బన్ గొలుసు. ఆ గొలుసు మీద ఒక నత్రజని పరమాణువు. మన మెదడులో పుట్టే డోపమిన్, మన శరీరంలో పుట్టే అడ్రినలిన్, మొక్కలో పుట్టే ఎఫిడ్రిన్, ప్రయోగశాలలో పుట్టిన యాంఫెటమిన్, అన్నిటిదీ ఈ చట్రమే. తేడా అంతా ఆ చట్రానికి ఎక్కడ ఏది తగిలించి ఉందన్న దాంట్లోనే. గొలుసులో వలయానికి ఆనుకుని ఉన్న కార్బన్‌ను చూడండి. ఎఫిడ్రిన్‌లో అక్కడ ఆక్సిజన్, హైడ్రోజన్ జంటగా ఉంటాయి. యాంఫెటమిన్‌లో అక్కడ ఆక్సిజనే లేదు. కాథినోన్ కుటుంబంలో అక్కడ ఆక్సిజన్ ఒక్కటే జంట బంధంతో అంటుకుని ఉంటుంది. రసాయనవేత్తలు దాన్ని కీటోన్ అంటారు. ఆ కుటుంబంలోని మెథ్‌కాథినోన్‌కు, వలయం అవతలి కొసన ఒక మిథైల్ గుంపు చేరితే అది మెఫెడ్రోన్.

ఈ కాథినోన్ మనుషులు కనిపెట్టినది కాదు. ఇథియోపియా, యెమెన్ కొండల్లో పెరిగే ఖాట్ చెట్టు లేత ఆకుల్లో అది సహజంగానే ఉంటుంది. 1760ల్లో యెమెన్ వెళ్ళిన డెన్మార్క్ యాత్రా బృందంలోని వృక్షశాస్త్రవేత్త పీటర్ ఫోర్స్‌కాల్ ఆ చెట్టును వర్ణించి, అక్కడే మలేరియాతో చనిపోయాడు. సాయంత్రం పూట చెంపలో ఆకుల ముద్ద పెట్టుకుని గంటల తరబడి కబుర్లాడుకోవడం ఆ దేశాల్లో తరతరాల అలవాటు. ఆకు ఎండుతున్నకొద్దీ కాథినోన్ విరిగిపోయి బలహీనపడుతుంది. అందుకే ఖాట్‌ను తెల్లవారకముందే కోసి, తేమ పోకుండా కట్టలు కట్టి, అదే రోజు బజారుకు చేర్చాలని తొందరపడతారు. శాస్త్రవేత్తలకూ ఇదే చిక్కు వచ్చింది. ఎండిన ఆకులను పరీక్షించిన వాళ్ళకు తక్కువ బలమున్న పదార్థమే దొరికేది. 1975లో ఐక్యరాజ్య సమితి ప్రయోగశాల తాజా ఆకులను పరీక్షించాకే కాథినోన్ బయటపడింది.

ఆకు నమిలేవాడికి అలసట వస్తుంది, దవడ నొప్పి పుడుతుంది, కడుపు నిండుతుంది. ఎంత తిన్నా ఒంట్లోకి చేరే మోతాదుకు ఒక హద్దు ఉంటుంది. పొడికి ఆ హద్దు లేదు. చెట్టు నుంచి పదార్థాన్ని విడదీసినప్పుడు మనం పోగొట్టుకునేది ఆ హద్దునే. కోకా ఆకు విషయంలో, నల్లమందు విషయంలో ఇంతకుముందు సంచికల్లో చూసింది కూడా ఇదే.

మెదడులో ఇది చేసే పని ఏమిటి? ఒక నాడీకణం డోపమిన్‌నో, సెరటోనిన్‌నో కొద్దిగా వదులుతుంది. పని అయ్యాక ప్రత్యేకమైన ప్రోటీన్ల ద్వారా తిరిగి లోపలికి లాక్కుంటుంది. చెరువు తూము నీటిని ఒక వైపే వదిలినట్టు, ఆ ప్రోటీన్లు ఒక దిశలోనే పనిచేయాలి. మెఫెడ్రోన్ ఆ దారినే లోపలికి చొరబడి దిశను తిప్పేస్తుంది. లోపల దాచిన నిల్వ బయటికి పారుతుంది. డోపమిన్ వల్ల కొకైన్ తరహా హుషారు, సెరటోనిన్ వల్ల ఎక్‌స్టసీ తరహా ఆప్యాయత, రెండూ కలిసి వస్తాయి. కానీ ఆ కీటోన్ వల్ల ఈ అణువు కొవ్వులో అంతగా కరగదు, మెదడు చుట్టూ ఉన్న రక్షణ పొరను దాటడం కష్టమవుతుంది. అందుకని మోతాదు ఎక్కువ కావాలి. పైగా రెండు గంటల్లోపే దిగిపోవడం మొదలవుతుంది. దిగగానే ఇంకొంచెం కావాలనిపిస్తుంది. ఒక గ్రాముతో మొదలుపెట్టి రాత్రంతా పీల్చినవాళ్ళు, రెండు రోజులు కన్ను మూయనివాళ్ళు వైద్యులకు కనిపించారు. గుండె దడదడలాడటం, ముక్కు నుంచి రక్తం, మోకాళ్ళూ వేళ్ళూ చల్లబడి నీలంగా మారడం, ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమ, ఆ తర్వాత రోజుల తరబడి దిగులు. ఆసుపత్రుల్లో మామూలుగా చేసే మూత్ర పరీక్షల్లో చాలావాటికి ఇది చిక్కదు కూడా. మనిషి ముందు పడి ఉంటాడు, ఏం తీసుకున్నాడో వైద్యుడికి తెలియదు.

2003లో మళ్ళీ

అలమరలోని ఆ పాత వ్యాసానికి ప్రాణం పోసింది ఇంటర్నెట్. 2003లో 'హైవ్' అనే రహస్య రసాయనవేత్తల వెబ్‌సైట్‌లో 'కైనెటిక్' అనే మారుపేరుతో ఒకరు దీన్ని తయారుచేసి, రుచి చూసి, అనుభవం రాశారు. ఆ వెబ్‌సైట్ మరుసటి ఏడాదే మూతపడింది. రాసింది మాత్రం మిగిలింది.

తర్వాతి మజిలీ ఇజ్రాయెల్. అక్కడ అంతకుముందే కాథినోన్ గుళికలు 'హగిగత్' పేరుతో కిరాణా కొట్లలో అమ్ముడుపోయి, 2004లో నిషేధానికి గురయ్యాయి. ఆ ఖాళీలోకి కొత్త సరుకు వచ్చింది. నియార్గానిక్స్ అనే కంపెనీ 'నియోడవ్స్' పేరుతో అమ్మిన గుళికల్లో ఉన్నది మెఫెడ్రోనే. 2007లో ఫ్రాన్స్ పోలీసులు ఎక్‌స్టసీ అనుకుని పరీక్షకు పంపిన మాత్రల్లోనూ ఇదే తేలింది. ఇజ్రాయెల్ 2008 జనవరి నాటికి నిషేధించింది. అదే ఏడాది చివర స్వీడన్‌లో పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఒకరు ఇది తీసుకుని చనిపోయారు. స్వీడన్, డెన్మార్క్ వెంటనే తలుపులు మూశాయి.

ఇన్ని ఏళ్ళు ఎవరికీ పట్టని పదార్థం 2008, 2009ల్లోనే ఎందుకు విరగబడి అమ్ముడైంది? జవాబు కంబోడియా అడవుల్లో ఉంది. ఎక్‌స్టసీకి ముడిసరుకైన సాఫ్రోల్ నూనెను అక్కడి ఏలకుల కొండల్లోని అరుదైన చెట్ల వేళ్ళను ఉడకబెట్టి తీసేవారు. 2008 జూన్‌లో కంబోడియా అధికారులు, ఆస్ట్రేలియా పోలీసుల సాయంతో, 33 టన్నుల నూనెను తగలబెట్టారు. దాంతో 24 కోట్లకు పైగా మాత్రలు తయారయ్యేవని ఆస్ట్రేలియా పోలీసుల లెక్క. మరుసటి ఏడాదికి ఐరోపాలో ఎక్‌స్టసీ పేరుతో అమ్మే మాత్రల్లో ఎక్‌స్టసీ దాదాపు మాయమైంది. బ్రిటన్‌లో కొకైన్ కూడా కల్తీమయమై ఉంది. ఆ నూనె తగలబెట్టిన అధికారుల ఉద్దేశం మంచిదే. ఆ చెట్లు బతకాలి కూడా. కానీ మత్తు కోరే జనం అలాగే ఉన్నారు, వారాంతపు క్లబ్బులు అలాగే ఉన్నాయి. సరఫరా ఒక వైపు తెగితే కోరిక ఇంకో వైపు వెతుక్కుంటుందన్న సంగతి ఈ ధారావాహికలో ఎన్నోసారి చెబుతున్నానో. చట్టం పేరెత్తని, చైనాలో కిలోల లెక్కన చవగ్గా తయారయ్యే పొడి ఒకటి అప్పటికే సిద్ధంగా ఉంది.

బ్రిటన్‌లో పదహారు నెలలు

2009 ఆరంభం నుంచి 2010 ఏప్రిల్ దాకా బ్రిటన్‌లో జరిగింది ఈ అధ్యాయానికి గుండెకాయ.

గ్రాము 10 నుంచి 15 పౌండ్లు. వెబ్‌సైట్‌లో కార్డు నంబరు కొడితే మరుసటి రోజు పోస్ట్‌మ్యాన్ తలుపు తట్టి ఇచ్చి వెళ్ళేవాడు. పొట్లం మీద 'మొక్కల ఎరువు' అనో, 'స్నానపు లవణం' అనో, దానికింద 'మనుషులు వాడరాదు' అనో రాసి ఉండేది. తినేదని రాస్తే ఆహార చట్టం, మందని రాస్తే ఔషధ చట్టం అడ్డుపడతాయి. ఎరువని రాస్తే ఎవరి పరిధిలోకీ రాదు. ఏ మొక్కకూ దానితో పని లేదు. ఆ పొట్లం మీది అబద్ధం వల్ల జరిగిన అసలు నష్టం వేరే ఉంది: కొన్న పదిహేడేళ్ళ కుర్రాడికి ఎంత మోతాదు ప్రమాదమో, దేనితో కలపకూడదో చెప్పే ఒక్క వాక్యం కూడా ఎక్కడా లేకుండా పోయింది. అది వెళ్ళేది కొన్నవాడి ముక్కులోకని తెలిసిన అమ్మకందారే మొక్కకని రాశాక ఇక జాగ్రత్త చెప్పేదెవరు?

క్లబ్ సంగీత పత్రిక మిక్స్‌మ్యాగ్ 2010 జనవరిలో ప్రచురించిన పాఠకుల సర్వేలో జవాబిచ్చినవాళ్ళలో 41.7 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు మెఫెడ్రోన్ వాడామన్నారు. వాళ్ళు క్లబ్బులకు వెళ్ళే బృందం కాబట్టి దేశమంతటికీ ఆ లెక్క వర్తించదు. అయినా ఏడాది ముందు పేరే వినని సరుకుకు అది భయపెట్టే వేగం.

అప్పుడే పత్రికలు రంగంలోకి దిగాయి. 2009 నవంబరులో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో పద్నాలుగేళ్ళ బాలిక చనిపోతే మెఫెడ్రోన్ చంపిందని రాశారు. తర్వాత తేలింది, ఆ పాప ఊపిరితిత్తులకు సోకిన బాక్టీరియా జబ్బుతో పోయిందని. ఎవరో ఒక వెబ్‌సైట్‌లో వేళాకోళానికి రాసిన కట్టుకథ ఒక పోలీసు పత్రంలోకి, అక్కడి నుంచి పెద్ద పత్రికల్లోకి నిజవార్తగా ఎక్కింది. 2010 మార్చి 15న స్కంథార్ప్ పట్టణంలో ఇద్దరు కుర్రాళ్ళు, ఒకరికి 18, మరొకరికి 19, ఒకే రాత్రి తాగి వచ్చి చనిపోయారు. వాళ్ళు మెఫెడ్రోన్ తీసుకున్నారని పోలీసులు చెప్పారు. ఇక దేశం మొత్తం ఊగిపోయింది. తక్షణం నిషేధించాలన్న ఒత్తిడి హోం మంత్రి అలన్ జాన్సన్ మీద పడింది. సాధారణ ఎన్నికలకు రెండు నెలలైనా లేదు.

సలహా చెప్పాల్సిన నిపుణుల మండలి అప్పటికే ముక్కలై ఉంది. మద్యం, పొగాకు చేసే హాని గంజాయి, ఎక్‌స్టసీలు చేసే హాని కంటే ఎక్కువని బహిరంగంగా అన్నందుకు అధ్యక్షుడు డేవిడ్ నట్‌ను జాన్సన్ 2009 అక్టోబరులో తొలగించాడు. నిరసనగా మరికొందరు సభ్యులు వెళ్ళిపోయారు. కొత్త అధ్యక్షుడు లెస్ ఐవర్సెన్ ఆధ్వర్యంలో మండలి 2010 మార్చి 29న కూర్చుంది. చట్టప్రకారం అందులో ఒక పశువైద్య నిపుణులు ఉండాలి. ఆ స్థానంలో ఉన్న పాలీ టేలర్ సరిగ్గా ఆ సమావేశం ముంగిట రాజీనామా చేశారు. నివేదిక మీద చర్చ పూర్తవకముందే మంత్రికి విషయం చేరవేసి, పత్రికల వాళ్ళ ముందు నిషేధం ప్రకటించేశారు. మరో సభ్యుడు ఎరిక్ కార్లిన్ కూడా తప్పుకున్నాడు. పత్రికల ఒత్తిడి, రాజకీయ ఒత్తిడి మితిమీరి పనిచేశాయని, ఈ నిర్ణయం కుర్రాళ్ళ ప్రవర్తన మీద ఏం ప్రభావం చూపుతుందన్న చర్చే సరిగా జరగలేదని ఆయన అభ్యంతరం.

ఏప్రిల్ 16 నుంచి మెఫెడ్రోన్ బ్రిటన్‌లో బి తరగతి నిషిద్ధ పదార్థం. ఈసారి ఒక్క పేరు కాకుండా, కాథినోన్ చట్రం మీద కట్టిన పదార్థాల గుంపునే చట్టంలోకి తెచ్చారు. అది తెలివైన పని.

మే నెలాఖరులో స్కంథార్ప్ కుర్రాళ్ళ రక్త పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఇద్దరి ఒంట్లోనూ మెఫెడ్రోన్ ఆనవాలు లేదు. మద్యంతో పాటు తీసుకున్న మెథడోన్, అంటే నల్లమందు జాతి మందు, వాళ్ళ ప్రాణం తీసింది.

ఇది చదివి మెఫెడ్రోన్ మంచిదేమో అనుకోకండి. స్వీడన్ అమ్మాయిని చంపింది అదే. బ్రిటన్‌లోనూ ఆ తర్వాత నిర్ధారణ అయిన మరణాలు ఉన్నాయి. నిషేధం తప్పని నేను అనను. నా బాధ వేరు. ఆ ఇద్దరు పిల్లల చావు వల్ల మెథడోన్, మద్యం కలిస్తే ఊపిరి ఆగుతుందన్న కబురు ఇంటింటికీ చేరాల్సింది. పదివారాలు దేశం మొత్తం వేరే మందు గురించి అరిచింది. అసలు ప్రమాదం గురించి హెచ్చరిక అందాల్సినవాళ్ళకు అందలేదు. పరీక్ష ఫలితం రాకముందే కారణం ప్రకటించేవాళ్ళు, ఆ ప్రకటనను పతాక శీర్షిక చేసేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మన టీవీ చానళ్ళకూ వర్తిస్తుంది.

పేర్ల వెంట పరుగు

నిషేధం మర్నాటికే 'ఎన్ఆర్‌జీ-1' వచ్చింది. నాఫిరోన్ అనే కొత్త పదార్థమని చెప్పి అమ్మారు. చాలా పొట్లాల్లో ఉన్నది నిన్న నిషేధించిన సరుకే. జులైలో దాన్నీ నిషేధించారు. బ్రిటన్ నేర సర్వే 2010-11 లెక్కల్లో 16 నుంచి 24 ఏళ్ళ వాళ్ళలో 4.4 శాతం మంది గత ఏడాదిలో మెఫెడ్రోన్ వాడారు. కొకైన్ వాడినవాళ్ళ శాతమూ దాదాపు అంతే. పోస్ట్‌మ్యాన్ స్థానంలో వీధి వ్యాపారి వచ్చాడు, ధర పెరిగింది. తర్వాతి ఏళ్ళలో వాడకం తగ్గింది.

చైనా 2010 సెప్టెంబరులో, ఐరోపా సమాఖ్య డిసెంబరులో, అమెరికా 2011 అక్టోబరులో అత్యవసరంగా, ఐక్యరాజ్య సమితి 2015లో నియంత్రించాయి. నెదర్లాండ్స్‌లో 2012లో మెఫెడ్రోన్‌ను నిషేధిస్తే, వలయం మీది మిథైల్ గుంపు పక్క స్థానానికి జరిగి 3-ఎంఎంసీ అయింది. దాన్ని 2021లో నిషేధిస్తే 2-ఎంఎంసీ తలెత్తింది. ఒక్క పరమాణు గుంపు ఒక్క స్థానం జరిగితే చట్టం కొత్తగా మొదలవ్వాలి. ఇప్పుడు ఐరోపా మత్తుమందుల పర్యవేక్షణ సంస్థ జాబితాలో కాథినోన్ జాతివే నూట యాభైకి పైగా ఉన్నాయి. వాటిలో చాలావాటిని మనిషి మీద కానీ, ఎలుక మీద కానీ ఎవరూ సరిగా పరీక్షించలేదు. కొన్నవాడే ప్రయోగ జంతువు.

మన రియాక్టర్లు

మన దేశంలో మెఫెడ్రోన్ ముంబయి ద్వారా అడుగుపెట్టింది. 2013, 14ల్లో అక్కడ కాలేజీల దగ్గర అమ్ముతున్నా పోలీసులు చేయగలిగింది తక్కువ. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం జాబితాలో దాని పేరు లేదు. 2015 ఫిబ్రవరిలో కేంద్రం చేర్చింది. ఇప్పుడు 50 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్ళు.

చైనా కట్టడి చేశాక తయారీ ఎక్కడికి కదిలింది? కొంత పోలండ్‌కు, కొంత రష్యాకు. చాలా భాగం మన దగ్గరికి. ఐరోపా సంస్థ నివేదికలు మొహమాటం లేకుండా చెబుతున్నాయి: గత కొన్నేళ్ళలో అక్కడికి టన్నుల కొద్దీ వచ్చిపడుతున్న 3-ఎంఎంసీ, 3-సీఎంసీ లాంటి కాథినోన్‌లకు ప్రధాన మూలం భారతదేశం. లోపలి మార్కెట్ సంగతి చూస్తే, 2024 ఫిబ్రవరిలో పుణె పోలీసులు కుర్‌కుంభ్ పారిశ్రామికవాడ నుంచి ఢిల్లీ దాకా 1,700 కిలోలకు పైగా మెఫెడ్రోన్ పట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో భోపాల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో 907 కిలోలు దొరికాయి.

మన సంగతి. 2022 డిసెంబరులో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు హైదరాబాద్‌లో రెండు రహస్య ప్రయోగశాలలు పట్టుకుని, దాదాపు 25 కిలోల తయారైన మెఫెడ్రోన్‌ను స్వాధీనం చేసుకున్నారు. 2025 సెప్టెంబరులో మహారాష్ట్ర నుంచి మీరా-భాయందర్ పోలీసులు వచ్చి చర్లపల్లిలోని ఒక రసాయన యూనిట్ మీద దాడి చేశారు. అక్కడి సరుకు విలువ వేల కోట్లని ప్రకటనలు వచ్చాయి. వీధి ధరతో గుణించి చెప్పే ఈ కోట్ల లెక్కలను నేను పట్టించుకోను. ఎన్ని కిలోలు, ఏ యూనిట్‌లో, ఎన్నాళ్ళుగా అన్నదే అసలు ప్రశ్న.

హైదరాబాద్‌కు ఈ మచ్చ అంటడం వెనక చరిత్ర ఉంది, ఆ చరిత్ర గౌరవప్రదమైనది. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం పెట్టింది. ఒక తరం తెలుగు రసాయనవేత్తలు అక్కడ పని నేర్చుకున్నారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి కూడా వాళ్ళలో ఒకరు. 1970 పేటెంట్ చట్టం మందు అణువు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే హక్కు ఇచ్చింది కాబట్టి, అదే అణువును వేరే దారిలో తయారుచేయగల నేర్పు మన బలమైంది. జీడిమెట్ల, పాశమైలారం, బొల్లారం, చర్లపల్లిలో వందల యూనిట్లు లేచాయి. ప్రపంచంలోని పేదవాడికి అందుబాటు ధరలో మందు దొరకడంలో ఆ రియాక్టర్ల పాలు పెద్దది. వాటి పక్కన ఊళ్ళ నీళ్ళు పాడైన సంగతి వేరే అధ్యాయం.

ఆ నేర్పే ఇప్పుడు పక్కదారి పడుతోంది. ఆర్డర్లు లేక మూతపడ్డ యూనిట్‌ను అద్దెకు తీసుకోవడం, రాత్రి షిఫ్టులో రెండు బ్యాచ్‌లు లాగడం, ఎమ్మెస్సీ చదివి సరైన జీతం దొరకని కుర్రాడికి నెలకు లక్షల ఆశ చూపడం: దేశంలో బయటపడిన కేసులు మళ్ళీ మళ్ళీ చూపించే తీరు ఇదే. తెలంగాణలో ఆల్ప్రాజోలం ఇలాగే దొంగచాటుగా తయారై కల్తీ కల్లులోకి చేరడం మనకు కొత్త కాదు. అక్కడ పనిచేసింది ఈ యంత్రాంగమే, చేసింది వేరే అణువు.

దాడులు అవసరమే కానీ చాలవు. ద్రావకాలు, ముడి రసాయనాలు ఏ యూనిట్ ఎంత కొంటోంది, ఎంత వాడుతోంది అన్న లెక్క తనిఖీ అధికారుల దగ్గర ప్రతి నెలా ఉండాలి. మూతపడ్డ యూనిట్లు ఎవరి చేతిలో ఉన్నాయో పారిశ్రామికవాడల సంఘాలకు తెలుసు. చెప్పే బాధ్యత వాళ్ళది. ఒక్కో పేరు కాకుండా, బ్రిటన్ లాగా కాథినోన్ కుటుంబం మొత్తాన్ని జాబితాలోకి తెచ్చే సవరణ కేంద్రం తేవాలి. పట్టుబడ్డ పొడిలో ఏముందో ప్రయోగశాలలు వారాల్లో తేల్చి, ప్రమాదకరమైనది ఉంటే ఆసుపత్రులకు ఆ రోజే చెప్పాలి. ఇవేవీ అసాధ్యం కావు.

మీ ఇంట్లో పిల్లవాడు నిద్రపోవడం మానేసి, తిండి మానేసి, కారణం లేకుండా అనుమానాలతో వేగిపోతుంటే కొట్టకండి, దాచకండి. గుండె దడ, జ్వరం, మతి తప్పిన మాటలు కనిపిస్తే నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఏం తీసుకున్నాడో తెలిసినంతవరకు వైద్యుడికి చెప్పండి. వ్యసనం నుంచి బయటపడటానికి కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446.

(సశేషం)